పుస్తకం చదివించినారు

ఈ ఎండాకాలం నా గొంతుకు తగిలిన గిరాకీ ఒక్కటే. అదీ పెళ్ళి కాదు. ఆత్మకూరు దారిలో ఒక ఊరి గ్రంథాలయంలో, సెలవుల్లో పిల్లల చేత పుస్తకాలు చదివించే కార్యక్రమం పెట్టారు. ప్రారంభానికి మైకు కావాలన్నారు. ఊరి పేరు చెప్పను. చెప్తే అక్కడ పనిచేసే కుర్రాడి ఉద్యోగం మీదికి వస్తుంది, పాపం ఆ ఉద్యోగమే అంతంత మాత్రం. మైకుసెట్టు నాదే, గొంతూ నాదే. రెండూ ఇప్పుడు ఒకే రకంగా గరగరమంటున్నాయి.

నా పని చదివింపులు చదవడం. ఈ కాలం పిల్లల కోసం చెప్తున్నాను. పెళ్ళి పందిట్లో బంధువులు బిందెలూ బట్టలూ తెచ్చి ఒక్కొక్కరే ఇస్తుంటే, ఫలానా ఊరి ఫలానా వారు ఫలానాది చదివించినారు అని మైకులో అందరికీ వినబడేట్టు చెప్పాలి. ప్రతిదీ రెండుసార్లు చెప్పాలి. మొదటిసారి ఇచ్చినవాడి కోసం, రెండోసారి వాడంటే గిట్టని బావమరిది కోసం. ఇచ్చినవాళ్ళ చేతిలో ఇంటివాళ్ళు తాంబూలం పెడతారు. రేపు వాళ్ళింట్లో శుభకార్యం జరిగితే వీళ్ళు పోయి తిరిగి చదివించాలి. ఉదయగిరి నుంచి వింజమూరు దాకా నా గొంతు వినకుండా పెళ్ళయిన మగవాడు తక్కువ. ఆ తరువాత వాళ్ళకు రోజూ వినే గొంతు వేరే ఏర్పడుతుంది కాబట్టి నాది మర్చిపోయి ఉంటారు. ఇప్పుడు పందిట్లో ఒక స్టిక్కరు అంటిస్తున్నారు. ఫోను దాని ముందు పెడితే ఇచ్చింది చేరిపోతుంది. పక్కనున్న చిన్న డబ్బా, చేరినట్టు తన గొంతుతో తనే చెప్పేస్తుంది. దానికి ఊరు అక్కర్లేదు, ఇంటిపేరు అక్కర్లేదు, బావమరిది అసలే అక్కర్లేదు.

గ్రంథాలయం కుర్రాడు నాకిచ్చిన కాగితంలో ‘వేసవి పఠన కార్యక్రమం’ అని ఉంది. ముందురోజు ఆటోకు మైకు కట్టి ఊళ్ళో తిరుగుతూ అదే చదివాను. అరుగుల మీద జనం తలెత్తలేదు. పఠనమంటే ఏదో పరీక్ష అనుకుని ఒక పిల్లవాడు లోపలికి పోయి తలుపేసుకున్నాడు. రెండో వీధి మలుపు తిరిగేసరికి నాకు పాత మాట ఒకటి నోటికొచ్చింది. కాగితం మడిచి జేబులో పెట్టి, ‘రేపు గ్రంథాలయంలో వేసవి చదివింపులు, అందరూ రావాలి’ అన్నాను. కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“అన్నా, ఏంది అట్టా చెప్తుండావు. జనం తప్పుగా అనుకుంటారు.”

“అనుకుంటేనే గదరా వచ్చేది” అన్నాను.

ఆ అబ్బాయికి నేను చెప్పింది వేళాకోళంలా వినబడింది. నా చిన్నప్పుడు ఆ తప్పు ఒకసారి జరిగిందనీ, ఊరంతా వచ్చిందనీ, ఆటో దిగి వాడికి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

మాది కొండ కింద ఇల్లు. పైన దుర్గం, కింద మేము. రాజుల కోట అని పుస్తకాల్లో రాస్తారు గానీ మాకది మేకలు తప్పిపోయే చోటు. నాయన చెక్క గరిటెలూ చెంచాలూ చెక్కేవాడు. ఇల్లంతా పచ్చి చెక్క వాసన. పొట్టు చాప కింద, దుప్పట్లో, చెవుల్లో, సంగట్లో. సంగట్లో పొట్టు పడిందా, పొట్టులో సంగటి పడిందా అని అవ్వ ప్రతి పూటా అడిగేది, మేము ప్రతి పూటా నవ్వేవాళ్ళం. అవ్వ పొగాకు నములుతూ వాకిట్లో కూర్చుని, చెక్కిన ప్రతి గరిటెనూ ఒకసారి నోట్లో పెట్టి చూసేది. పెదవికి గరుకు తగిలితే నాయన ముందుకు విసిరేసేది. ఆ గరిటెలు ఏ ఊరి గొప్పవాళ్ళింటికి పోయేవో తెలియదు గానీ, అన్నిటినీ ముందుగా మా అవ్వే ఎంగిలి చేసింది.

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. మానేశానని నేనంటాను, వెళ్ళగొట్టానని అయ్యవారు అనేవారు. ఇద్దరి మాటా నిజమే. ఇంటి దగ్గర నాకిచ్చిన పని, చెక్కిన చెంచాలను గరుకు కాగితంతో రుద్దడం, పాత పేపర్లలో చుట్టడం. చుట్టేముందు ఆ పేపర్లలో ఉన్నది పైకి చదవమనేవాడు నాయన. దొంగతనాలు, వానలు, తప్పిపోయిన మనుషులు, తలనూనె ప్రకటనలు, ఏదైనా సరే. పేపరు చిరిగిన దగ్గర కథ ఆగిపోయేది. దొంగ దొరికినాడా లేదా చెప్పరా, చెయ్యి ఆడటంలా అని ఉలి పట్టుకుని కూర్చునేవాడు. అందుకని దొంగను నేనే పట్టించేవాణ్ణి. ఒక్కోసారి మా బడి అయ్యవారి పేరు పెట్టి పట్టించేవాణ్ణి. అప్పుడు నాయన ఉలి మహా చురుగ్గా ఆడేది.

ఆ రోజుల్లో మా ఊరి గ్రంథాలయానికి కోస్తా వైపు నుంచి ఒక సారు వచ్చాడు. సన్నటి మనిషి, సన్నటి గొంతు, పెళ్ళి కాలేదు. గ్రంథాలయమంటే ఒక అద్దె గది, దాని ముందు వసారా. ఎండాకాలం కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టేవాడు. లోపలికి పోతే తడి గోనె వాసన, పుస్తకాల్లో పెట్టిన వేపాకు వాసన, అట్టల జిగురు వాసన కలిసి చల్లగా మొహానికి తగిలేవి. సెలవుల్లో పిల్లలు కొండమీద ఎండలో పడి తిరుగుతుంటే చూడలేక, వాళ్ళను కూర్చోబెట్టి పుస్తకాలు చదివించాలని ఆయన అనుకున్నాడు. పాత పంచె మీద ఎర్ర రంగుతో ఆయనే రాసి, వసారాకు అడ్డంగా కట్టాడు: ‘గ్రంథాలయంలో వేసవి చదివింపులు. అందరూ రావాలి’. ఆయన పుస్తకాల మనిషి. చదివించడమంటే చదివించడమే అనుకున్నాడు. పెళ్ళి కాకపోవడం కూడా ఒక కారణం.

చదవడం వచ్చినవాళ్ళు చదివి, రానివాళ్ళకు చెప్పారు. సారు ఇంట్లో ఏదో శుభకార్యమట, మైకు కూడా పెడుతున్నారట. ఎవరికి ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా పిలిచాక పోకుండా ఉండడం మా వైపు లేదు.

మా పక్కింట్లో వెంగమ్మ ఉండేది. సీతారామపురం వైపు పిల్ల. వాళ్ళ నాయన కొండయ్యకు గొర్రెల మంద. ఎండలకు మేత అయిపోతే మందను తోలుకుని కాలవల కింది మాగాణి ఊళ్ళకు పోయేవాడు. ఆ నెలలు కూతుర్ని తన చెల్లెలి ఇంట్లో, అంటే మా పక్కింట్లో, వదిలిపెట్టేవాడు. ఏడో తరగతి పాసయిన పిల్ల. మా ఇంటి గోడ దగ్గర నిలబడి, నేను పేపరు చదువుతుంటే తప్పులు దిద్దేది. నేను కల్పించి చెప్పినచోట కూడా దిద్దేది. పేపర్లో లేనిది దానికెట్లా తెలుసని ఒకసారి అడిగితే, “పేపరోడు నీ అంత చక్కంగా రాయడురా” అంది. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ రోజు సాయంత్రం ఊరు కదిలి వచ్చింది. స్టీలు గ్లాసులు, గిన్నెలు, రవిక గుడ్డలు, కొబ్బరికాయలు, ఒక గోడ గడియారం. నాయన గరిటెల కట్ట తెచ్చాడు, అవ్వ వాటిని ముందే రుచి చూసింది. కొండయ్య మందతో బయలుదేరబోతూ, చెల్లెలు చెప్పిందని ఒక గొర్రెపిల్లను చంకన పెట్టుకుని వచ్చాడు. సారు వసారాలో నిలబడి చేతులు జోడించి, అయ్యా, ఇది ఆ చదివింపులు కాదు, పిల్లల చేత చదివించడం అని సన్నటి గొంతుతో చెప్తూనే ఉన్నాడు. మైకులో చెప్పినా ఆ గొంతు వసారా దాటలేదు. ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన అంతా విని, నెమ్మదిగా అన్నాడు.

“అయితే అయింది లే సార్. తెచ్చింది వెనక్కి తీసుకపోకూడదు. చదివించుకోండి.”

అయితే చదివేదెవరు? మైకు తెచ్చినవాడికి చదువు రాదు. సారు నీరుగారిపోయి ఉన్నాడు. నేను పోయి మైకు తీసుకున్నాను. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ వద్దనలేదు. ఫలానా వారు గ్రంథాలయానికి గోడ గడియారం చదివించినారు, అది నడిస్తే టైము చూపిస్తుంది, నడవకపోతే రోజుకు రెండుసార్లు చూపిస్తుంది అన్నాను. జనం నవ్వారు. ఆ నవ్వు నా మీద పడ్డప్పుడు ఒళ్ళంతా ఎట్లా అయిందో, అది మళ్ళీ మళ్ళీ కావాలనే నేను ఈ పనిలో ఇన్నేళ్ళు ఉన్నాను. సీతారామపురం కొండయ్య గొర్రెపిల్లను చదివించినాడు, ఏ తరగతి వరకో ఆయన్నే అడగండి అన్నాను. కొండయ్య కూడా నవ్వాడు. సారు మొహంలో కూడా అప్పుడే మొదటిసారి పళ్ళు కనబడ్డాయి.

చదివింపులయ్యాక భోజనాలు ఉంటాయి గదా అని ఎవరూ లేవలేదు. సారు ఆ అదును చూసుకుని పిల్లల్ని వరసగా నిలబెట్టి కథలు చదివించాడు. వెంగమ్మ చదివినప్పుడు, భోజనం ఎప్పుడని గొణుగుతున్నవాళ్ళు కూడా ఊరుకున్నారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ పరిగెత్తాలో దానికి తెలుసు. చివరికి బొరుగులూ బెల్లమూ పంచారు. ఆ రోజు నుంచి ఎండాకాలం అయిపోయేదాకా వసారా నిండిపోయేది. మేము చదివించినాం గదా, మా పిల్లోడు చదవకపోతే ఎట్టా అని తల్లులు చెవులు పట్టుకుని లాక్కొచ్చేవాళ్ళు. బడి లేని నన్ను కూడా సారు ఆ వరసలో కూర్చోబెట్టాడు. చేతిలో సగానికి చిరగని కథ పట్టుకోవడం నాకదే మొదలు. చివరిదాకా ఉన్న కథలో నేను చేయడానికేమీ మిగల్లేదని కొన్నాళ్ళు బెంగపడ్డాను. గొర్రెపిల్ల వసారా స్తంభానికి కట్టేసి ఉండేది. అది ఒక భూగోళం పుస్తకంలో రెండు దేశాలు తినేసింది.

పుచ్చుకున్నాక తిరిగి ఇవ్వాలని సారుకు ఊరివాళ్ళే నేర్పారు. ఆయన బుద్ధిగా నేర్చుకున్నాడు. గిన్నె ఇచ్చినవాళ్ళింట్లో పెళ్ళయితే ఒక పుస్తకం తీసుకుపోయేవాడు. ఆయన దగ్గర ఇంకేముంటుంది. మైకు దగ్గర అప్పటికి నేనే. ‘గ్రంథాలయం సారు పుస్తకం చదివించినారు’ అనగానే పందిరంతా నవ్వేది. చదువు లేని పెళ్ళికొడుకును చూసి, వాడి చేత పుస్తకం చదివించడం బ్రహ్మతరం కాదని ఎవరో ఒకరు అనేవాళ్ళు. ఆ మాట తరువాత కాస్త ఆగి, నవ్వు అయిపోయాక రెండోసారి చదవడం నాకు అలవాటయింది.

ఆ ఏడు తొలకరి పడ్డాక కొండయ్య మందతో తిరిగి వచ్చాడు. కూతుర్ని తీసుకుపోదామని వచ్చినవాణ్ణి సారు వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. ఆత్మకూరులో ఆడపిల్లల హాస్టలు ఉంది, ఎనిమిదిలో చేర్పిద్దాం, తిరిగేదీ కనుక్కునేదీ అన్నీ నేనే చూసుకుంటాను అని సారు చాలాసేపు చెప్పాడు. వెంగమ్మ లోపల బీరువా పక్కన నిలబడి వింటోంది. చేతిలో పుస్తకం ఉంది గానీ పేజీ తిప్పడం లేదు. నేను వసారా మెట్టు మీద ఉన్నాను, రెండు వైపులా కనబడుతున్నారు. కొండయ్య చెడ్డవాడు కాదు. మజ్జిగ తాగి, మీసాలు తుడుచుకుని, చూద్దాంలే సార్ అన్నాడు. అప్పుడు సారుకు ఊరు నేర్పిన మర్యాద గుర్తొచ్చింది. అదే ఆయన చేసిన రెండో పొరపాటు.

“మీరు గొర్రెపిల్లను చదివించారు కదా కొండయ్య గారూ. దానికి బదులు నేను మీ అమ్మాయిని చదివిస్తాను. చెల్లుకు చెల్లు.”

కొండయ్య తేలిగ్గా నవ్వాడు. అప్పటిదాకా ఏం చెప్పాలో తెలియక ఇబ్బంది పడుతున్నవాడికి దారి దొరికినట్టయింది.

“చదివింపులు పెండ్లికి తిరిగిస్తారు గానీ బడికి తిరిగిస్తారా సార్ యాడన్నా? సంబంధం ఒకటి వచ్చుండాది. పెండ్లికి రాండి. అప్పుడు చదివించండి.”

వసారాలో ఉన్నవాళ్ళు నవ్వారు. మంచి మాట పడింది గదా. నేనైనా ఆ మాటే అనేవాణ్ణి, అంత బాగా కుదిరింది. లోపల బీరువా తలుపు వేసిన చప్పుడు వినబడింది.

పెళ్ళి ఆ ఏడే వాళ్ళ ఊళ్ళో జరిగింది. సారు బస్సు దిగి, ఎండలో నడిచి వచ్చాడు. చేతిలో కథల పుస్తకం, దానికి రంగు కాగితం. ‘గ్రంథాలయం సారు పెళ్ళికూతురికి పుస్తకం చదివించినారు’ అని చదివాను. పందిరి నవ్వింది. వెంగమ్మ తలెత్తలేదు. రెండోసారి చదివాను. పుస్తకం పక్కనున్న బిందెలోకి పోయింది, బిందె అత్తవారి బండెక్కింది. కొండయ్య సారు చేతిలో తాంబూలం పెట్టి, భోంచేసి పొమ్మని చేయి పట్టుకున్నాడు. సారు భోంచేశాడు. ఆ పైన రెండు ఎండాకాలాలు ఆయన మా ఊళ్ళో ఉన్నాడు, పిల్లల చేత చదివించాడు గానీ, పంచె మీద ఆ మాట మళ్ళీ రాయలేదు. వేరే ఊరికి బదిలీ అయి పోయాడు. ఎప్పుడో కాలం చేశాడని కూడా తరువాత విన్నాను. ఆ అద్దె గది పడగొట్టి అక్కడ ఫోన్లు బాగుచేసే కొట్టు కట్టారు. మా నాయన గరిటెల పాక ఉన్న చోట ఏదీ కట్టలేదు, అవసరం ఎవరికీ రాలేదు.

మొన్నటి ప్రారంభం సంగతి చెప్పాలి. పొద్దున ఒక బడి వ్యాను వచ్చింది. పిల్లలు దిగి, ఒక్కొక్కరు ఒక్కో పుస్తకం పట్టుకుని, బ్యానరు కింద నిలబడి ఫోటో దిగారు. ఒక పాప పుస్తకం తలకిందులుగా పట్టుకుంటే టీచరమ్మ తిప్పి పెట్టింది. ఫోటో కాగానే పుస్తకాలు బల్ల మీద పెట్టి వ్యానెక్కారు. ముఖ్య అతిథి దారిలో ఉన్నానని ఫోన్ చేశాడు, ఆ దారి ఎటు పోతుందో చెప్పలేదు. మధ్యాహ్నానికి కుర్చీలూ, నేనూ, కుర్రాడూ మిగిలాం. ఆ కుర్రాడు మంచివాడు. కుర్చీలన్నీ తనే తుడిచాడు, పిల్లల కోసం బిస్కెట్ పాకెట్లు తెచ్చి పెట్టాడు. వైర్లు చుట్టేస్తూ నేను వాణ్ణి నవ్వించాలని చూశాను. నా చేత కాలేదు. అది నాకు కొత్త.

అప్పుడు ఒకావిడ గుమ్మంలోకి వచ్చింది. చేతికర్ర, చంకలో గుడ్డ మూట. కండ్ల మీద చెయ్యి పెట్టుకుని నన్నే చూసింది.

“ఏరా, నిన్న చదివింపులని అరిచింది నువ్వేనంట గదా. ఇంకా చావలేదా నీ గొంతు.”

వెంగమ్మ. అది ఆమె అత్తగారి ఊరని నాకు గుర్తు లేదు. కూర్చోబెట్టి నీళ్ళిచ్చాం. మూట విప్పింది. పాత చీర ముక్కలో ఆ కథల పుస్తకం. రంగు కాగితం అట్టకు అంటుకుపోయి ఉంది. వడ్ల వాసన, కలరా ఉండల వాసన.

“నా పెండ్లికి ఈ గ్రంథాలయమోళ్ళు పెట్టిందిది. వీళ్ళింట్లో మళ్ళీ ఫంక్షను జరగలా, తిరిగి పెట్టేదానికి. ఇన్నాళ్ళకు జరిగింది” అంది.

చదివావా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“యాడ చదివేది. రెండు లైన్లు కూడబలుక్కునే లోపల పొయ్యి మీద ఏదో ఒకటి పొంగేది. మా అత్త పెట్టెలో పెట్టి తాళమేసింది. తాళం నా చేతికొచ్చేనాటికి అలవాటు పోయింది. ఇప్పుడు కూడబలుక్కున్నా, కడా మాటకొచ్చేసరికి మొదటి మాట మర్చిపోతుండా.” ఇంట్లో పిల్లల చేత చదివించుకోవచ్చు గదా అన్నాను. ఉండేది ఒక మనవరాలు, దాని బడిలో తెలుగు పేరుకే ఉండాదని చెప్పింది. కోపంగా చెప్పలేదు. బస్సు పోయిందని చెప్పినట్టు చెప్పింది.

కుర్రాడు పుస్తకం అటూ ఇటూ తిప్పి, జాగ్రత్తగా ఆమె ఒళ్ళో పెట్టాడు. “ఉన్నవాటికే చోటు లేదు పెద్దమ్మా, చెదలు తింటుండాయి. నీ దగ్గరుంటేనే భద్రం” అన్నాడు. నిజమే చెప్పాడు.

“తెచ్చింది వెనక్కి తీసుకపోకూడదురా అబ్బయ్యా” అంది వెంగమ్మ.

నేను చుట్టిన వైరు మళ్ళీ విప్పాను. మైకు పెట్టాను. ఎదురుగా ఖాళీ కుర్చీలు, వాటి మీద ఎండ. గొంతు సవరించుకుని, ఊరి పేరూ ఇంటి పేరూ ఎక్కడా తగ్గకుండా, వెంగమ్మ గారు గ్రంథాలయానికి పుస్తకం చదివించినారు అన్నాను. అలవాటు కొద్దీ ఆగాను, ఆ మాట దగ్గర జనం నవ్వుతారు. బయట కట్టిన మైకు హారను వీధిలోకి నా మాట తీసుకుపోయింది, తిరిగి ఏదీ రాలేదు. కుర్రాడు ఏం చేయాలో తోచక ఒక బిస్కెట్ పాకెట్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. తాంబూలం పుచ్చుకున్నట్టు రెండు చేతులతో పుచ్చుకుని కొంగున కట్టుకుంది.

“రెండోసారి చదవరా. ఒకసారేనా చదివేది” అంది.

ఇన్నేళ్ళలో చదివింపు రెండోసారి చదివేటప్పుడు ఒక్క అక్షరం మార్చలేదు నేను. మళ్ళీ ఊరి పేరు చెప్పాను, ఇంటి పేరు చెప్పాను. వెంగమ్మ గారు గ్రంథాలయానికి పుస్తకం, దాకా వచ్చి, ఆమె వైపు చూడకుండా, ఇచ్చినారు అన్నాను.